నాయినమ్మ జొన్న, నాయిన బియ్యం

పోయిన భాగం చదివి కొందరు విద్యార్థులు నాకు మెసేజ్‌లు పెట్టారు. అందులో ఒక తమ్ముడి ప్రశ్న నన్ను వదలలేదు. "మేడం, మనవాళ్లు ఎప్పుడో జరిగినవాటిని పట్టుకునే ఇప్పటి నిర్ణయాలు తీసుకుంటారు. అందుకే వెనకబడి ఉన్నామేమో?" అని అడిగాడు. దీనికి ఒక వాక్యంలో జవాబు చెప్పలేను. మా ఇంట్లో ఈ నెలలో జరిగిన గొడవ నుంచి మొదలుపెడతాను.

నాయినకు షుగర్ ఎక్కువైందని నారాయణఖేడ్‌లో డాక్టరుకు చూపించాం. డాక్టరు మందులు రాసి, "రాత్రిపూట అన్నం బంద్ చెయ్ పెద్దాయనా, జొన్నరొట్టె తిను" అన్నాడు. నాయిన తలూపాడు. బయటికొచ్చి ఆటో ఎక్కినాక నా దిక్కు తిరిగి, "ఆ తిండికి మల్ల పోవాల్నా బిడ్డా నేను?" అన్నాడు. ఊరు వచ్చేదాకా ఇంకో మాట మాట్లాడలేదు.

అదే వారం మిరుగం. మాకు రెండెకరాల లావుణి పట్టా భూమి ఉంది. రెండెకరాలూ పత్తి పెట్టాలని తమ్ముడు. అరెకరం తనకు విడిచిపెట్టమని అవ్వ. ఆ అరెకరంలో మా నాయినమ్మ వేసినట్టు పచ్చజొన్న, కంది, పెసర, అనుములు, గోగు కలిపి వేస్తానంది. "ఎన్నడో కరువు వచ్చిందని ఇంకా జొన్నలేసుకుంట కూసుంటవా అవ్వా?" అని తమ్ముడు కోపం చేశాడు. విత్తనాల దుకాణంలో ఈ సంగతి చెప్తే దుకాణం ఆయన నవ్వి, "మీ ముసలోళ్లకు భయం పోదు సార్" అన్నాడట. తమ్ముడు ఇంటికొచ్చి ఆ మాటే మళ్లీ అన్నాడు.

నేను భాష చెప్పుకుని బతికే మనిషిని. భయం అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఊరి పటేల్ ఇంట్లో, "ఆ వాగు పక్క చెలకలో సోయా వెయ్యొద్దు, మా తాత కాలంలో ఒకసారి మునిగింది" అంటే దాన్ని అనుభవం అంటారు. మా అవ్వ తన అత్త కాలం సంగతి చెప్తే భయం అంటారు. ఇద్దరూ చేసే పని ఒక్కటే. గడిచినదాన్ని తలచుకుని రేపటికి ఏం చేయాలో తేల్చుకుంటున్నారు.

మా నాయినమ్మకు ఏం జ్ఞాపకం ఉండేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో బీదర్ జిల్లాలో ఉండేది. జహీరాబాద్ కూడా అంతే. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ పట్నం మైసూరు రాష్ట్రానికి పోయింది, మనం మెదక్ జిల్లాలో కలిశాం. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యాం. ఇప్పటికీ మా దగ్గర ముసలివాళ్ల మాటల్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వస్తాయి. జిల్లాలు మారినా మా వాడకు మారనిది జీతం. ఆఫీసు జీతం అనుకునేరు చిన్న పిల్లలు. ఇది అప్పు కింద మనిషిని ఒక ఇంట్లో పెట్టే జీతం. నిజాం కాలం కాగితాల్లో దీని పేరు భగేలా. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తెచ్చింది. పద్ధతిని తీసెయ్యలేదు, షరతులు పెట్టింది. చదువు రాని మనిషికి కాగితం మీది షరతు ఎంత అక్కరకొస్తుందో మీకు తెలుసు.

జీతంలోకి మనిషి ఎట్లా పోతాడు? పెళ్లికి, చావుకు, రోగానికి చేసిన అప్పుల గురించి అందరూ రాశారు. విత్తనం దారి గురించి తక్కువ రాశారు. మా ఇంట్లోకి జీతం వచ్చింది ఆ దారినే.

1972లో పెద్ద కరువు. మరాఠ్వాడా నుంచి మా దాకా దక్కన్ అంతా ఎండింది. మా తాత అప్పుడు పటేల్ చెలక పాలుకు చేసేవాడు. ఇంట్లో ఉన్న గింజలు అయిపోయినాయి. అడవిలో ఆకు, చేన్లలో తుమ్మికూర, దొగ్గలికూర, గునుగుకూర, దొరికిందల్లా తిన్నారు. చివరికి ఒక్క కుండ మిగిలింది. అది విత్తనం జొన్నల కుండ. బూడిద, వేపాకు కలిపి, మూతికి ఎర్రమన్ను పెట్టి మూసిన కుండ. నాయినమ్మ దాన్ని పగలగొట్టింది. నలుగురు పిల్లలు ఉన్నారు మరి. ఆ జొన్నల గట్క పది రోజులు వచ్చిందో, పదిహేను రోజులు వచ్చిందో.

తర్వాతి ఏడు వాన పడింది. చెలక దున్ని పెట్టారు, విత్తనం లేదు. పటేల్ దగ్గర నాగుకు తెచ్చారు. నాగు అంటే గింజల అప్పు, తీర్చేటప్పుడు గింజలకు గింజలే వడ్డీ. పంటలో పటేల్ పాలు పోయి, నాగు పోయి, మిగిలింది ఎండాకాలం దాకా రాలేదు. మళ్లీ నాగు. రెండో ఏడు తీర్చలేకపోయారు. అప్పుడు మా పెద్దనాయినను జీతం పెట్టారు. ఆయనకు పదమూడేళ్లు.

నాయినమ్మ ఈ కథ చెప్పేటప్పుడు పటేల్‌ను తిట్టేది కాదు. నాకు చిన్నప్పుడు ఆశ్చర్యంగా ఉండేది. కుండనే తిట్టుకునేది, తన చేతులనే తిట్టుకునేది. "ఆ కుండ ముట్టకుంటే మీ పెద్దనాయిన పోకపోవు" అనేది. చరిత్ర చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు, తప్పు ఆమెది కాదు. పాలు పద్ధతిది, నాగుది, కరువులో గోదాములు తెరవని పెద్దలది. అయినా తప్పు తనదేనన్న ఆ జ్ఞాపకంలో నుంచే ఆమె ఒక నియమం పెట్టుకుంది. ఏమైనా సరే, ఇంట్లో విత్తనం కుండ ముట్టొద్దు. ఆ కుండ పెట్టడానికి కొంత నేల విడిగా ఉండాలి. ఆ నేలలో దుకాణం నుంచి తెచ్చిన విత్తనం వెయ్యొద్దు, ఎందుకంటే దుకాణం విత్తనానికి మళ్లీ ఏడు దుకాణానికే పోవాలి. ఆమెకు దుకాణం కూడా పటేల్ ఇల్లే.

1975 అక్టోబర్ 24న వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్స్ వచ్చింది, 1976లో చట్టమైంది. కాగితం ప్రకారం పెద్దనాయిన అప్పుడే విడుదల కావాలి, ఆ అప్పు కూడా రద్దు కావాలి. మా ఊళ్లోకి ఆ సంగతి వచ్చేసరికి ఇంకో రెండు పంటలు పోయాయి. 1973లో భూపరిమితి చట్టం, 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చాయి. ఆ కాలంలోనే మా తాత పేరు మీద రెండెకరాల లావుణి పట్టా వచ్చింది. ఎట్లాంటి భూమి? ఎవరూ దున్నని గరుసు నేల. మనకు భూమి వచ్చిందని చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది. భూమితోపాటు ఎద్దులు రాలేదు, విత్తనం రాలేదు. ఎన్నో పట్టాలు ట్రంకు పెట్టెల్లోనే ఉండి, నేల పడావు పడింది. మా నేల పడావు పడకపోవడానికి కారణం నాయినమ్మ మళ్లీ నింపుకున్న కుండ. ఎక్కడెక్కడో కోతలకు పోయి, కూలి కింద వచ్చిన కంకుల్లో మంచివి ఏరి పెట్టి నింపింది.

ఇక నాయిన సంగతి. అదే ఇల్లు, అదే కరువు. కానీ నాయినకు మిగిలిన జ్ఞాపకం వేరు.

1972లో ఆయనకు తొమ్మిదేళ్లు. అన్న జీతం ఉన్న ఇంటికి పొద్దున అన్నతోపాటు పోయేవాడు, పేడ తీస్తే గట్క పోస్తారని. పశువుల కొట్టం పక్కన, దూరం నుంచి, పైనుంచి పోసేవారు. చేతులు పట్టి నిలబడాలి. గట్క వేడిగా ఉండేది, చేతులు కాలేవి, తీస్తే కింద పడేది. ఇంటి లోపల నుంచి బియ్యం ఉడికే వాసన వచ్చేది. నాయిన జ్ఞాపకంలో జొన్న అంటే ఆ కాలిన చేతులు. అన్నం అంటే గోడ అవతల ఉన్నది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. అప్పుడు నాయినకు ఇరవై ఏళ్లు. మొదటిసారి రేషన్ బియ్యం ఇంటికి తెచ్చిన రోజు వాడంతా అన్నం వాసన వచ్చిందని అవ్వ చెప్తుంది. అంతకుముందు మాకు అన్నం పండగకే. ఆ తర్వాత నాయిన ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఈ పొయ్యి మీద గట్క ఉడకొద్దు. నాయినమ్మ ఒప్పుకోలేదు. ఇంటి వెనక మూడు రాళ్లు పెట్టుకుని తన పొయ్యి తాను వేరు చేసుకుంది. చనిపోయేదాకా ఆ పొయ్యి మీదనే జొన్నరొట్టె చేసుకుంది. ఒక్క ఇంట్లో రెండు పొయ్యిలు చూస్తూ నేను పెరిగాను.

2025లో ఉగాదికి, మార్చి 30న, ప్రభుత్వం రేషన్‌లో సన్నబియ్యం మొదలుపెట్టింది. మనిషికి ఆరు కిలోలు. నాయిన ఆ బియ్యం తెచ్చి గిన్నెలో పోసి, గింజలు వేళ్లతో జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. "పటేల్ తిన్న బియ్యమే ఇయి" అన్నాడు. తర్వాత రెండు నెలలకే డాక్టరు అన్నం మానెయ్యమన్నాడు. ఆటోలో ఆయన ఎందుకు మాట్లాడలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇది రాస్తుంటే అర్థమవుతోంది.

నాయిన నిర్ణయాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ చచ్చిన గొడ్ల మాంసం తినడం మానెయ్యమని మహర్లకు చెప్పారు. మరుసటి రోజే చవదార్ చెరువుకు నడిచి నీళ్లు తాగారు. మనం చెరువు నీళ్లనే గుర్తుపెట్టుకుంటాం. దానికి ముందు తిండి గురించి తీసుకున్న నిర్ణయం ఉంది. ఆ తిండిలో బలముందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాలేదు. ఆ తిండి ఏ చేతి నుంచి, ఏ పద్ధతిలో వచ్చిందన్న జ్ఞాపకమే లెక్క. నాయిన మహద్ గురించి చదవలేదు. అయినా ఆయన గట్క బంద్ చేసింది అదే లెక్కతో.

ఇప్పుడు నారాయణఖేడ్ నుంచి జహీరాబాద్ దిక్కు రండి.

అక్కడ పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలైంది. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు, ఎకరం రెండెకరాల పడావు భూములవాళ్లు, మా నాయినమ్మలాంటివాళ్లు. 1990ల నడుమ వాళ్లు ఒక పని చేశారు. పడావు భూములు సాగులోకి తేవడానికి అప్పు ఇచ్చి, ఆ అప్పును డబ్బు రూపంలో కాకుండా జొన్నల రూపంలో కొన్నేళ్లపాటు తిరిగి కట్టించుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ పెట్టి, పని దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఏ ఇల్లు పేద ఇల్లు అన్నది దఫ్తరు చెప్పలేదు. ఊరు పటం నేల మీద గీసి, అందరి ముందర, ఒక్కో ఇంటి సంగతి మాట్లాడుకుని తేల్చారు. ఆ ఇంట్లో జీతం ఉన్నవాళ్లు ఉన్నారా, ఏడాదిలో ఎన్ని నెలలు గింజలు ఉంటాయి, ఇట్లాంటి కొలతలు. ఎక్కువ పేదవాళ్లకు ఎక్కువ గింజలు.

ఈ కొలతలు వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచించండి. ఆకలిని అనుభవించిన మనిషికే, మాఘం దాకా గింజలు వచ్చే ఇంటికీ సంక్రాంతికే అయిపోయే ఇంటికీ తేడా తెలుస్తుంది. వాళ్ల జ్ఞాపకాలే అక్కడ లెక్కల పుస్తకం అయ్యాయి. నేను మొదటిసారి ఈ సంగతి తెలుసుకున్నప్పుడు ఇంకోటి కూడా గమనించాను. సంఘం బ్యాంకు నుంచి విత్తనం తీసుకున్న ఆడమనిషి పంట వచ్చినాక కొంత ఎక్కువ కలిపి తిరిగి ఇస్తుంది. ఇది చూడ్డానికి నాగులాగే ఉంటుంది. గింజ తీసుకోవడం, గింజలతో ఎక్కువ ఇవ్వడం. కానీ ఆ ఎక్కువ గింజ పోయేది పటేల్ గుమ్మికి కాదు, మళ్లీ ఏడు ఇంకొక ఆడమనిషి చెలకకు. తమను ముంచిన పద్ధతి ఎట్లా నడిచేదో వాళ్లకు బాగా జ్ఞాపకం ఉంది కాబట్టే దాన్ని తిప్పి పెట్టగలిగారు.

వాళ్ల చేన్లలో పన్నెండు పంటలు అంటారు, జొన్న, సజ్జ, కొర్ర, కంది, అట్లా. వాన వెనక చలికాలంలో మంచుకే పండేవాటిని సత్యం పంటలు అంటారు. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందనే లెక్క. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టారు, నడిపింది దళిత ఆడవాళ్లే. 2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చినాక, ఈ సంఘాల ఆడవాళ్లు కెమెరాలు పట్టుకుని వరంగల్ జిల్లాకు పోయి పత్తి రైతులతో మాట్లాడి సినిమా తీశారు. అక్షరం రాని మనిషి జ్ఞాపకం పెట్టుకోవడానికి ఇదొక దారి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సంస్థను నడిపిన పి.వి. సతీష్ 2023 మార్చిలో చనిపోయారు.

ఇక్కడ మన ఉద్యమంలోని మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు, అది న్యాయమైన ప్రశ్న. "జొన్నలు, కొర్రలు గొప్పవని చెప్పేది ఎవరు? పట్నంలో ఉండి సన్నబియ్యం తిని విసుగొచ్చినవాళ్లు. దళితులను మళ్లీ గట్క దగ్గర కట్టేస్తారా?" 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. హైదరాబాద్ సూపర్ మార్కెట్లో కొర్రల ప్యాకెట్ ధర చూసి మా అవ్వ నవ్వింది. పోయిన ఏడు యూనివర్సిటీలో ఒక సెమినార్‌లో ఒక పెద్దాయన "మన పూర్వీకుల ఆహారం" అని గంట మాట్లాడాడు. ఆ పూర్వీకుల్లో ఎవరు పైనుంచి పోశారు, ఎవరు చేతులు పట్టారు అని అడగాలనిపించింది. అడగలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

నా మాట ఇది. జొన్న గొప్పదా, బియ్యం గొప్పదా అన్నది మన గొడవ కాదు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు అందులో కిలో రూపాయికి ముతక ధాన్యాలు ఇవ్వొచ్చని ఉండేది, బియ్యానికి మూడు రూపాయలు. రేషన్ షాపులో జొన్నలూ బియ్యం రెండూ పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్లను తీసుకోనివ్వమని అడగొచ్చు. అప్పుడు నాయిన బియ్యం తెచ్చుకుంటాడు, అవ్వ జొన్నలు తెచ్చుకుంటుంది. ఇద్దరిలో ఎవరు వెనకబడినవారు, ఎవరు ముందుకు పోయినవారు అని ఇంకొకరు చెప్పనక్కర లేదు. నాయినమ్మ, నాయిన ఇద్దరి నిర్ణయాలూ ఒక్క జీతం కొట్టం నుంచే వచ్చాయి. ఆమె విత్తనం వదలనంది, ఆయన గట్క ముట్టనన్నాడు.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఒక సంగతి పనికొస్తుంది. 1973లో ట్వెర్‌స్కీ, కానమన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక వ్యాసం రాశారు. మనిషికి ఏది తొందరగా జ్ఞాపకం వస్తుందో అదే ఎక్కువగా జరుగుతుందని అనుకుంటాడు, అందుకే అంచనాలో పొరపాట్లు చేస్తాడు అని దాని సారాంశం. నిజమే. ఇంకొక పరిశోధన కూడా ఉంది. అమెరికాలో 1930ల మహామాంద్యంలాంటి కాలాలు చూసినవాళ్లు షేర్లలో తక్కువ డబ్బు పెడతారని మాల్మెండియర్, నాగెల్ అనే ఆర్థికవేత్తలు 2011లో రాశారు. వాళ్ల జ్ఞాపకాన్ని ఎంతో శ్రద్ధగా, దశాబ్దాల సర్వే లెక్కలు పెట్టి కొలిచారు. మన దగ్గర నాగు, జీతం చూసిన ఇంటి ముసలమ్మ అప్పు వద్దంటే అట్లా కొలవడానికి ఎవరొచ్చారు? దుకాణం ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

ఇంతవరకు రాసింది చదివి నాయినమ్మ ఎప్పుడూ కరెక్టే అనుకోవద్దు. అట్లా రాస్తే అది భజన అవుతుంది.

పెద్దనాయిన జీతం పోయిన తర్వాతి ఏడు, ఊరి బడి సారు మా ఇంటికొచ్చి, చిన్నోడు బాగా చదువుతున్నాడు, హాస్టల్లో వేయండి, తిండి బట్ట సర్కారే ఇస్తుంది అన్నాడట. నాయినమ్మ పంపలేదు. ఒక కొడుకు ఇంకొకరి ఇంటికి తిండికీ బట్టకూ పోయాడు, తిరిగి రాలేదు. ఇప్పుడు ఇంకొకరు వచ్చి తిండి, బట్ట అంటున్నారు. ఆమెకు ఆ రెండూ ఒకే తీరుగా వినబడ్డాయి. హాస్టల్ జీతం కాదని చెప్పడానికి వాడలో హాస్టల్ పోయి వచ్చినవాళ్లు ఒక్కరు లేరు. నాయిన చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. జ్ఞాపకం ఆమెకు విత్తనం విషయంలో దారి చూపింది, బడి విషయంలో దారి మూసింది. రెండూ నిజం. ఆమెను ఒక్కదానికే గుర్తుపెట్టుకుంటే నాయినకు అన్యాయం చేసినట్టు.

నాయిన ఆ సారును మర్చిపోలేదు. నేను ఐదో తరగతి పాసైన ఎండాకాలంలో హాస్టల్ ఫారం తానే తెచ్చాడు. ఆడపిల్లను పంపిస్తావా అని వాడంతా అడిగింది. నాయినమ్మ అన్నం మానేసి రెండు రోజులు పడుకుంది. మూడో రోజు లేచి, నా పెట్టెలో రెండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టింది. "అక్కడ పెట్టకపోతే తిను" అంది. హాస్టల్లో అన్నం పెట్టారు, పప్పు నీళ్లలాగా ఉన్నా పెట్టారు. రొట్టెలు నాలుగో రోజుకు గట్టిపడితే నీళ్లలో నానబెట్టి తిన్నాను. ఎందుకు తిన్నానో చెప్పలేను. ఆకలి అయితే లేదు.

నాకు డాక్టరేట్ వచ్చిన రోజు నాయిన మా కాలేజీ సహోద్యోగులకు చెప్పిన మాట, "మా అమ్మ నన్ను పంపలే, నేను నా బిడ్డను పంపిన." అమ్మ మీద కోపంతో అన్నాడని వాళ్లు అనుకున్నారు. నాకు అట్లా అనిపించలేదు.

తమ్ముడి పత్తి గురించి కూడా చెప్పాలి, వాడిని తేలిగ్గా కొట్టిపారేయొద్దు. వాడి జ్ఞాపకం మాది కాదు. వాడు పెరిగింది ఫీజులకు పైసలు లేక, మా చిన్నాన్న కుటుంబం చెరుకు కొట్టడానికి పోవడం చూస్తూ. నారాయణఖేడ్, కంగ్టి, మనూరు దిక్కు ఊళ్ల నుంచి, తండాల నుంచి ఏటా ఎంతమంది చెరుకు నరకడానికి పోతారో మీకు చెప్పనక్కర లేదు. ముందే అడ్వాన్స్ తీసుకుంటారు, ఆ అడ్వాన్స్ తీరేదాకా కొట్టాలి. ఇది పెద్దనాయిన జీతానికి ఎంత దూరమో మీరే చూసుకోండి. తమ్ముడికి అడ్వాన్స్ అంటే పడదు. చేతిలో నగదు ఉంటే అడ్వాన్స్ తీసుకోనక్కర లేదని వాడి లెక్క, నగదు ఇచ్చేది పత్తి. వాడి లెక్కలో నాకు కనబడే గుంత ఒక్కటే. పత్తి విత్తనం ప్యాకెట్ ఏటా కొనాలి, దాని గింజ దాచి వేస్తే పంట అట్లాగే రాదు. విత్తనం, మందు, యూరియా అన్నీ దుకాణంలో ఖాతా మీద తెస్తాడు. ఖాతా అంటే అడ్వాన్సే కదరా అన్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కా, నీకు నెలకు జీతం వస్తది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అవ్వ ఈ మాటలన్నీ వింటూ చేటలో అనుములు చెరుగుతూ కూర్చుంది. నాయినమ్మ పోయి తొమ్మిదేళ్లయింది, ఆ కుండ అవ్వ దగ్గరే ఉంది. కుండకు బదులు ఇప్పుడు మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో అదే బూడిద, అదే వేపాకు. చివరికి అవ్వ ఒక్కటే అడిగింది తమ్ముడిని. "ఎకరంన్నర పత్తి పోయినా నాకు అరెకరం ఉంటది. రెండెకరాలు పోతే నీకేముంటది?" తమ్ముడు నాయిన దిక్కు చూశాడు. నాయిన, గట్క బంద్ చేసిన మనిషి, "ఇడువురా దానికి అరెకరం" అన్నాడు.

ఆదివారం విత్తారు. ఎకరంన్నరలో తమ్ముడు ప్యాకెట్లు కోసి పత్తి గింజలు పెట్టాడు. వాగు దిక్కు అరెకరంలో అవ్వ ఒడిలో పోసుకుని కలిపిన విత్తనం వేసింది. నాయిన గట్టు మీద కూర్చున్నాడు. సద్ది తెచ్చింది నేను, రెండు డబ్బాలు. ఒకదాంట్లో అన్నం, ఇంకోదాంట్లో అవ్వ పొద్దున చేసిన రొట్టెలు. నాయిన అన్నం డబ్బా తెరిచి, కొంచెం తిని, మూత పెట్టాడు. కొంచెంసేపటికి రొట్టె డబ్బా తన దిక్కు జరుపుకున్నాడు. మేం ఎవరం చూడనట్టే ఉన్నాం.

వచ్చే భాగంలో భగేలా కాగితాల గురించి వివరంగా రాస్తాను. మీ ఇంట్లో, మీ వాడలో జీతం ఉన్నవాళ్లు ఇంకా బతికి ఉంటే, వాళ్ల దగ్గర కూర్చుని ఒక్కటి అడగండి. ఆ ఇంటికి ఏ అప్పు కింద పోయారు, డబ్బా, గింజలా, ఎన్ని? పేర్లు వద్దు, ఊరు, ఏడు చాలు. కామెంట్‌లో రాయండి, లేదా నాకు పంపండి. జై భీమ్.